తొట్టి కొనే ముందు మంచాన్ని కొలవండి

పురిటికి పుట్టింటికి వచ్చే ఆడపిల్ల కోసం గది సిద్ధం చేయడం ఒడిశాలోని మా పర్లాకిమిడి ఇళ్ళలో కొత్త సంగతి కాదు. గదికి సున్నం వేయించడం, మెత్తబడిన నూలు చీరలు, పాత పంచెలు ఉతికి ఎండబెట్టి పిల్లగుడ్డలుగా చింపి పెట్టుకోవడం, అటక మీది కాగు దించి తోమించడం వంటి పనులన్నీ మా అత్తగారి కాలం నుంచి ఒక వరసలో జరిగిపోతూనే ఉన్నాయి. ఈసారి ఆ వరసలోకి బెడ్‌సైడ్ క్రిబ్ అనే వస్తువు వచ్చి చేరింది. బెంగుళూరులో ఉద్యోగం చేస్తున్న మా అమ్మాయి తనకు పట్టుచీర అక్కర్లేదని, మంచం పక్కన ఆనించి పెట్టే తొట్టి ఒకటి మంచిది చూసి ఉంచమని ఫోనులో చెప్పింది. దాన్ని నేను ఈ వ్యాసంలో పక్కతొట్టి అంటాను.

ఆ తొట్టికి మూడు వైపుల గోడలు ఎప్పుడూ నిలిచి ఉంటాయి. నాలుగో గోడను జిప్పు తీసి కిందికి దించితే, తొట్టిలోని పరుపు తల్లి పడుకున్న పరుపుతో సమానంగా వచ్చి, ఆమె లేచి కూర్చోకుండానే బిడ్డ మీద చేయి వేయగలుగుతుంది. పెద్దాపరేషన్ అయిన బాలింతకు ఇది ఎంత సదుపాయమో, కుట్లు పచ్చిగా ఉండగా రాత్రిపూట వంగి బిడ్డను ఎత్తుకున్నవారికి వేరే చెప్పనక్కర్లేదు. అయితే సదుపాయం ఒకటే కారణమైతే నేను ఇంత విచారించేదాన్ని కాదు. పసిబిడ్డ మొదటి ఆరు నెలలైనా తల్లిదండ్రుల గదిలోనే, కాని వారి పరుపు మీద కాకుండా వేరే పరుపు మీద నిద్రపోవాలని అమెరికా శిశువైద్యుల అకాడమీ చెబుతోంది. ఏ కారణమూ కనబడకుండా నిద్రలోనే శిశువులు చనిపోయే ఘటనల్లో సుమారు 90 శాతం ఆరు నెలల లోపే జరుగుతాయి. అందులోనూ ఒకటో నెల నుంచి నాలుగో నెల దాకా ప్రమాదం ఎక్కువ. ఒకే గది, వేరే పరుపు అన్న మాటకు పక్కతొట్టి చక్కగా సరిపోతుందని ఎవరికైనా అనిపిస్తుంది. అదే అకాడమీ 2022లో ఇచ్చిన సూచనల్లో, తగినంత పరిశోధన జరగలేదు కనుక పక్కతొట్టిని వాడమనీ చెప్పలేమని, వద్దనీ చెప్పలేమని రాసింది. అమ్మేవారు ఈ రెండో మాట చెప్పరు. ఆ మాట చదివిన తరువాతే నేను తొట్ల బొమ్మలు చూడడం ఆపి, ప్రమాదం ఎక్కడి నుంచి వస్తుందో ఆలోచించడం మొదలుపెట్టాను.

మా అత్తగారికి ఈ గొడవంతా అనవసరంగా తోచింది. "నీ మొగుడు ఈ దూలానికి కట్టిన చీర ఉయ్యాలలోనే పెరిగాడు కదే అమ్మాయ్, వాడికేమైంది?" అన్నారు. ఆమెకు ఎదురు చెప్పడం మా ఇంట్లో అలవాటు లేదు గాని, చీర ఉయ్యాల సంగతి మాత్రం ఆమెకు నెమ్మదిగా వివరించాను. చీరలో బిడ్డ వీపు విల్లులా వంగి, గడ్డం వెళ్ళి గుండెకు ఆనుకుంటుంది. పసిబిడ్డకు ఒంటితో పోలిస్తే తల పెద్దది, మెడలో పట్టు ఉండదు; గడ్డం దిగిపోయినప్పుడు ఊపిరి వెళ్ళే సన్నని దారి మడతపడినా తల ఎత్తుకోలేదు, ఏడవనూ లేదు. పక్కకు తిరిగితే ముఖానికి గుడ్డ అడ్డుపడి, వదిలిన గాలినే మళ్ళీ పీల్చవలసి వస్తుంది. ఎవరో ఒకరు పక్కన కూర్చుని ఊపుతున్నంతసేపు ఇవన్నీ కంటికి కనబడతాయి కనుక మన పెద్దవాళ్ళకు అది సాగింది. నలుగురు ఆడవాళ్ళు ఉన్న ఇంట్లో ఉయ్యాల దగ్గర ఎప్పుడూ ఒకరు ఉండేవారు. రాత్రి దీపం ఆర్పి అందరూ పడుకున్నాక ఆ కాపలా ఉండదు. ఇరవై ఒకటో రోజున మేము బిడ్డను ఉయ్యాలలో వేసే వేడుక చేస్తాము. మా పక్కింటి ఒడియావారు అదే రోజున ఏకోయిశా అనే తమ వేడుక చేస్తారు. మా ఉయ్యాల వేడుక చెక్క ఉయ్యాలలో, పదిమంది కళ్ళ ముందు, పాటల మధ్య నిశ్చింతగా జరుపుకుందామని, రాత్రి నిద్రకు మాత్రం చీర వద్దని అత్తగారితో మాట అయింది.

ఇక అసలు విషయానికి వస్తాను. పక్కతొట్టి మంచిదా చెడ్డదా అన్నది తొట్టిని బట్టి మాత్రమే తేలదు, దాన్ని ఆనించే మంచాన్ని బట్టి తేలుతుంది. ఈ తొట్లను తయారుచేసేవారు తమ దృష్టిలో పెట్టుకున్న మంచం నాలుగు కాళ్ళ మీద నిలబడి, కింద ఖాళీగా ఉండి, చట్రం అంచు దాకా దళసరి పరుపు పరుచుకున్న మంచం. మన ఇళ్ళలో అటువంటి మంచాలు ఎన్ని ఉన్నాయి? మా పురిటి గదిలో ఉన్నది మా పెళ్ళికి మా నాన్నగారు చేయించి ఇచ్చిన టేకు డబుల్ కాట్. దాని చుట్టూ రెండంగుళాల వెడల్పున పట్టె ఉంటుంది. పరుపు ఆ పట్టెల లోపల పెట్టెలో పెట్టినట్టు కూర్చుంటుంది. మా వారు టేపు పట్టుకుని కొలిచినప్పుడు పట్టె పై అంచు పరుపు కంటే బొటనవేలి మందం పైకి ఉంది. అంటే తొట్టిని ఎంత బిగించి ఆనించినా, తొట్టి పరుపుకూ తల్లి పరుపుకూ మధ్య ఒక చెక్క గట్టు వస్తుంది. ఆ గట్టుకు అవతల, పరుపుకూ పట్టెకూ మధ్య, పాత దూది కుంగిపోవడం వల్ల ఏర్పడిన సందు ఒకటి ఉంది. నా నాలుగు వేళ్ళూ అందులోకి నిలువుగా దిగాయి.

భయపడవలసింది ఆ సందును చూసే. బిడ్డ తనంతట తాను దొర్లకపోయినా, కాళ్ళతో తన్నుకుంటూ జరుగుతుంది. పాలు తాగి తల్లి పక్కనే ఉండిపోయిన బిడ్డ కుంగిన పరుపు వాలులోకి జారుతుంది. కాలో చేయో సందులో దిగితే ఏడుస్తుంది, మనం లేస్తాము. ముఖం దిగితే ఏడుపు వినబడదు. అందుకే ఈ తొట్ల విషయంలో మొదటి షరతు ఒకటే: తల్లి పరుపుకూ తొట్టికీ మధ్య ఎడం ఉండకూడదు. ఎడం ఉన్నచోట దిండు దూర్చడం, దుప్పటి చుట్టి కుక్కడం మన ఇళ్ళలో ఎవరికైనా వెంటనే తట్టే ఉపాయం. అది సందు కంటే ప్రమాదం, ఎందుకంటే రాత్రి ఆ దుప్పటి నలిగి పైకి వచ్చి బిడ్డ ముఖం పక్కన చేరుతుంది.

మంచం కింద సామాను పెట్టుకోవడానికి నేల దాకా చెక్క పెట్టె కట్టించిన మంచాలు ఇప్పుడు బరంపురంలోనూ శ్రీకాకుళంలోనూ ప్రతి ఫర్నిచర్ దుకాణంలో కనిపిస్తాయి. పక్కతొట్టి కాళ్ళు చాలావరకు మంచం కిందికి దూరేటట్టు తయారవుతాయి. ఆ పెట్టె మంచానికి అవి దూరవు, తొట్టి బెత్తెడు దూరంలోనే ఆగిపోతుంది. కాళ్ళు లోపలికి మడిచే రకం తొట్లు ఉన్నాయి గాని, మడిచినప్పుడు అవి నిలకడగా ఉన్నాయా అన్నది దుకాణంలో చేత్తో కుదిపి చూడాలి. నులక మంచానికీ నవారు మంచానికీ పక్కతొట్టి అసలు పనికిరాదు: ఎత్తు కలవదు, మధ్యలో కుంగుతాయి, అంచు గుండ్రంగా ఉంటుంది. నేల మీద పరుపు వేసుకుని పడుకునే ఇంట్లోనూ అంతే. అటువంటివారు నాలుగు గోడలూ ఉన్న మామూలు తొట్టిని అదే గదిలో చేతికి అందే దూరంలో పెట్టుకుంటే, కావలసిన భద్రత అంతా తక్కువ ఖర్చులో దొరుకుతుంది. పక్కతొట్టి లేనంత మాత్రాన బిడ్డకు లోటు చేసినట్టు ఎవరూ అనుకోనక్కర్లేదు.

మేము చివరకు మంచాన్ని మార్చకుండా పరుపును మార్చాము. పాత దూది పరుపు తీసివేసి, పట్టెల లోపలి కొలతకు సరిగ్గా పట్టేటట్టు, పట్టె కంటే పైకి వచ్చేటట్టు గట్టి కొబ్బరి పీచు పరుపు చేయించి, పైన పలుచని పరుపు ఒకటి పట్టె అంచు దాకా పరిచి కట్టాము. మంచాన్ని గోడకు గట్టిగా ఆనేటట్టు జరిపి గోడకూ మంచానికీ మధ్య సందు కూడా లేకుండా చూశాము. పురిటి గదిలో తల్లి ఒకవైపు తొట్టి, ఇంకోవైపు గోడ ఉంటే, తొట్టి వైపు చూపించే జాగ్రత్త గోడ వైపు కూడా చూపించాలి.

ఇంత అయ్యాక తొట్టిని ఎంచుకోవడం సులువైంది. తొట్టి పరుపు ఎత్తును మెట్లు మెట్లుగా మార్చుకునే వీలుండాలి. మన మంచం పరుపు పైభాగం నేల నుంచి ఎంత ఎత్తుందో ఆ కొలత ఆ మెట్లలో ఏదో ఒకదానికి సరిపోవాలి. దించిన నాలుగో గోడ పూర్తిగా మాయం కాకుండా కొంత ఎత్తు అడ్డుగా మిగలాలి. యూరప్ ప్రమాణం ఈఎన్ 1130, 2019లో వచ్చిన రూపంలో, ఆ అడ్డు కనీసం 120 మిల్లీమీటర్లు ఉండాలంటోంది. చేయి వేయడానికి అది కొంచెం ఇబ్బందే గాని, తల్లి దుప్పటి తొట్టిలోకి జారకుండా, బిడ్డ తల్లి పరుపు మీదికి దొర్లకుండా ఆపేది అదే. ఆన్‌లైన్‌లో కొన్ని తొట్లకు ఆ అడ్డు అసలు లేకపోవడమే గొప్పగా చూపిస్తున్నారు. నేను వాటిని అక్కడికక్కడే పక్కన పెట్టాను. అమెరికాలో పక్కతొట్లకు ప్రత్యేకంగా ఏఎస్‌టీఎమ్ ఎఫ్ 2906 అనే ప్రమాణం ఉంది. పెట్టె మీదో తొట్టి అడుగునో ఈ రెండు సంఖ్యల్లో ఒకటి ముద్రించి ఉందో లేదో చూడడం కొనేవారి పని.

తొట్టిని మంచానికి కట్టే పట్టీలు తప్పనిసరిగా ఉండాలి. ఆ పట్టీ తల్లి పరుపు కింద నుంచి వెళ్ళి మంచం అవతలి పట్టెకు బిగియాలి గాని, ఇవతలి కాలికి చుట్టి ముడివేస్తే రాత్రి తల్లి అటూ ఇటూ కదిలినప్పుడు తొట్టి అంగుళం అంగుళం జరిగిపోతుంది. బిగించిన తరువాత మా వారు మంచం మీద పడుకుని తొట్టిని మోకాలితో బలంగా తోశారు. చక్రాలకు తాళం వేసి ఉన్నా మొదట కాస్త కదిలింది, పట్టీ ఇంకో రంధ్రం బిగించాక నిలిచింది. ఈ పరీక్ష ప్రతి రాత్రీ పడుకునే ముందు చేయవలసినదే. మంచానికి కట్టని సమయంలో నాలుగో గోడ ఎత్తి జిప్పు వేసి ఉండాలి.

తొట్టి లోపల ఉండవలసినవి చాలా కొద్ది: గట్టి, చదునైన పరుపు, దాని మీద బిగుతుగా తొడిగిన నూలు గలీబు, వెల్లకిలా పడుకున్న బిడ్డ. పరుపుకూ తొట్టి గోడకూ మధ్య రెండు వేళ్ళు దూరితే ఆ పరుపు ఆ తొట్టిది కాదు. అరచేత్తో నొక్కి తీసినప్పుడు గుంట నిలవకూడదు. మెత్తగా లేదని జాలిపడి దాని మీద బూరుగు దూది పరుపు వేసే అమ్మమ్మలు మా వీధిలో నలుగురు ఉన్నారు, వారితో నేను వాదించదలచుకోలేదు గాని మా ఇంటి తొట్టిలో అది జరగదు. తల గుండ్రంగా రావాలని పెట్టే ఆవాల దిండు కూడా నిద్రలో వద్దు. బిడ్డ మెలకువగా ఉన్నప్పుడు మన కళ్ళ ముందు కాసేపు బోర్లా పడుకోబెడితే తలకూ మెడకూ అదే మేలు చేస్తుంది. రబ్బరు షీటు వాడేవారు దాన్ని గలీబు కింద ముడతలు లేకుండా బిగించాలి. వెల్లకిలా పడుకోబెడితే కక్కిన పాలు గొంతులో అడ్డుపడతాయని మా వైపు గట్టి నమ్మకం. అమెరికాలో 1994లో బిడ్డలను వెల్లకిలా పడుకోబెట్టమని ప్రచారం మొదలైన తరువాత నిద్రలో ఆకస్మికంగా చనిపోయే శిశువుల సంఖ్య సగానికి పైగా తగ్గింది. గొంతులో అడ్డుపడే మరణాలు పెరగలేదు. వెల్లకిలా ఉన్నప్పుడు శ్వాసనాళం పైన, అన్ననాళం కింద ఉంటాయి కనుక పైకి వచ్చిన పాలు ఊపిరి దారిలోకి ఎక్కడం కష్టం.

ఆ నమ్మకాన్ని ఆసరా చేసుకునే పక్కతొట్లలో మరో హంగు చేరుస్తున్నారు. తలవైపు తొట్టి కాళ్ళు ఎత్తు చేసి, పరుపును వాలుగా ఉంచితే బిడ్డ పాలు కక్కదని చెబుతారు. వాలు మీద బిడ్డ జారుతుంది, గడ్డం కిందికి దిగుతుంది. చీర ఉయ్యాల గురించి పైన చెప్పిందే ఇక్కడా జరుగుతుంది. 2019 ఏప్రిల్‌లో అమెరికాలో ఒక రకం ఏటవాలు తొట్లను, శిశు మరణాల కారణంగా, సుమారు 47 లక్షల వరకు మార్కెట్టు నుంచి వెనక్కి పిలిపించారు. 2022 మే నెలలో అక్కడ చట్టమే చేసి, పది డిగ్రీలకు మించి వాలు ఉన్న శిశు తొట్లనూ, తొట్టి గోడలకు లోపల చుట్టూ కట్టే మెత్తటి దిండు పట్టీలనూ అమ్మకూడదన్నారు. మన బజార్లలో ఆ దిండు పట్టీలు ఏనుగు బొమ్మలతో, తొట్టితో పాటు ఉచితంగా ఇస్తున్నారు. తీసుకుని పిల్లగుడ్డల మూట కట్టుకోవచ్చు.

ఇప్పటిదాకా చెప్పినవన్నీ ఎక్కడివారికైనా పనికివచ్చేవే. మా ప్రాంతానికి మాత్రమే ప్రత్యేకమైన చిక్కు దోమతెర. గజపతి, రాయగడ, కోరాపుట్, మల్కనగిరి జిల్లాల కొండ ఊళ్ళలో మలేరియా ఎంత కాలంగా ఉందో ఇక్కడివారికి తెలుసు. 2017 నుంచి ఒడిశా ప్రభుత్వం దమన్ పథకం కింద దూర గ్రామాల్లో మందు పూసిన దోమతెరలు పంచుతూ వస్తోంది. దోమతెర లేకుండా పసిబిడ్డను పడుకోబెట్టే మాట ఇక్కడ లేదు. కాని పక్కతొట్టి తోటి వచ్చే చిన్న తెర నాలుగో గోడ దించినప్పుడు పనిచేయదు. వీధుల్లో అమ్మే గొడుగు తెరను తొట్టిలో పెడితే దాని తీగ చట్రం బిడ్డ చేతికి అందుతుంది, ఒకవైపు ముడుచుకుపోతే తెర ముఖం మీద పడుతుంది. కనుక మంచమూ తొట్టీ రెండూ ఒకే తెర కిందికి రావాలి. మామూలు డబుల్ కాట్ తెర మంచానికే సరిపోతుంది, తొట్టి వల్ల రెండడుగులు వెడల్పు పెరుగుతుంది. మేము నెట్టు గుడ్డ కొని, మా వీధి టైలరు చేత ఆ అదనపు వెడల్పుతో తెర కుట్టించాము. నాలుగు మూలలూ గోడ మేకులకు లాగి కట్టి, తొట్టి వైపు అంచును తొట్టి గోడకు వెలుపల నుంచి కిందికి దించి అడుగు చట్రం కింద దోపాము. తెర తొట్టి లోపలికి వేలాడకూడదు, తాళ్ళ కొసలు బిడ్డ పిడికిలికి అందకూడదు. మందు పూసిన కొత్త తెర అయితే మొదటిసారి వాడే ముందు ఒక పగలూ ఒక రాత్రీ నీడలో ఆరవేయాలి.

దోమల బత్తి వెలిగించడం, తొట్టి కింద సాంబ్రాణి పొగ వేయడం, వానాకాలం చలికి తలుపులు మూసిన గదిలో కుంపటి పెట్టడం మూడూ మానుకోవలసినవే. ఉక్కపోతకు సీలింగు ఫ్యాను తిరిగితే బిడ్డకు జలుబు చేయదు. ఒంట్లో వేడి ఎక్కువైందా అన్నది చేతులు పట్టుకుని కాదు, మెడ వెనకా గుండె మీదా తడిమి చూడాలి. అక్కడ చెమట ఉంటే ఒక గుడ్డ తీసివేయాలి. ఇంట్లో చుట్ట కాల్చేవారుంటే బిడ్డతో ఒకే పరుపు మీద నిద్రపోవడం మరింత ప్రమాదం. నెలలు నిండకుండా పుట్టిన, బరువు తక్కువ ఉన్న బిడ్డల విషయంలోనూ అంతే.

కొనడం ఆన్‌లైన్‌లో జరిగినా, ఒకసారి బరంపురం వెళ్ళి ఒక దుకాణంలో అటువంటి తొట్టిని తాకి చూసి రావడం నాకు ఎక్కువ ఉపయోగపడింది. పక్క గోడలకు నాలుగు వైపులా సన్నని వల ఉన్నదే తీసుకున్నాము, గాలి ఆడుతుంది, పడుకునే మనకు బిడ్డ ముఖమూ కనబడుతుంది. బంధువులు ఇస్తామన్న పాత తొట్టిని మర్యాదగానే వద్దన్నాము: దాని జిప్పు పళ్ళు అరిగి ఉన్నాయి, ఒక పట్టీ పోయింది, బిగింపు సూచనల కాగితం లేదు. ఇటువంటి వస్తువులో తక్కువైన ఒక మర బదులు ఇంట్లో దొరికిన మర వేసి వాడడం నాకు సమ్మతం కాదు.

పక్కతొట్టి ఆయువు తక్కువ. బిడ్డ దొర్లడం నేర్చినా, మోకాళ్ళ మీద లేవబోయినా, అంచు పట్టుకుని కూర్చోబోయినా, నెలలతో పని లేకుండా ఆ రోజు నుంచి దాని వాడకం ఆగిపోవాలి. గుడ్డలో గట్టిగా చుట్టి పడుకోబెట్టే అలవాటు కూడా దొర్లే సూచన కనబడిన రోజే మానాలి. అప్పటికి పెద్ద తొట్టి కావాలి కనుక, దాన్ని ఇప్పుడే మా వడ్రంగి చేత చేయిస్తున్నాము. కమ్మీల మధ్య ఎడం 6 సెంటీమీటర్లకు మించకూడదని, పరుపు పరిచే బల్లను అన్నిటికంటే కింది మెట్టులో పెట్టినప్పుడు అక్కడి నుంచి పై కమ్మీ దాకా 66 సెంటీమీటర్లు ఉండాలని, కిందికి దిగే పక్క గోడ వద్దని కాగితం మీద రాసి ఇచ్చాను. కిందికి జారే పక్క గోడల తొట్లను అమెరికాలో 2011లోనే నిషేధించారు. రంగు వేయడానికి డబ్బా మీద సీసం 90 పీపీఎమ్ (పది లక్షల పాళ్ళలో 90) లోపు అని రాసి ఉన్నదే తెమ్మన్నాను. 2017 నవంబరు నుంచి మన దేశంలో ఇంటి రంగులకు అదే పరిమితి. కొలతలన్నిటికీ ఆయన తల ఊపారు గాని, నాలుగు మూలల కోళ్ళ మీద గుబ్బలు చెక్కవద్దన్నప్పుడు మాత్రం, గుబ్బలు లేని తొట్టికి అందమేముందమ్మా అన్నారు. బిడ్డ నిలబడే వయసులో చొక్కా మెడ ఆ గుబ్బకు తగులుకుంటే ఏమవుతుందో చెప్పాక ఒప్పుకుని, తలవైపు పలక మీద వెలుపలి వైపున లోతు లేని తామరపువ్వు చెక్కుతానన్నారు, టేకు చెక్కకు అడ్వాన్సు పట్టుకెళ్ళారు.